అక్క రంగప్రవేశానికి తమ్ముణ్ణి సిద్ధం చేయడం ఎలా?

ప్రశ్న: మా అమ్మాయికి 14 ఏళ్లు. కూచిపూడి రంగప్రవేశం, అంటే తొలి పూర్తి ప్రదర్శన, ఇంకో 5 వారాల్లో రవీంద్రభారతిలో పెట్టుకున్నాం. మా బాబుకు 8 ఏళ్లు, ఆటిజం ఉంది. రెండు మూడు మాటల వాక్యాలు మాట్లాడతాడు, ట్యాబ్ బాగా వాడతాడు. కుక్కర్ విజిల్ వచ్చినా, ఎవరైనా చప్పట్లు కొట్టినా చెవులు మూసుకుంటాడు. పోయిన ఏడాది స్కూల్ యాన్యువల్ డేలో లైట్లు ఆర్పగానే ఏడుస్తూ బయటికి పరుగెత్తాడు. ఆ రోజుకు వాణ్ణి అమ్మమ్మ దగ్గర ఉంచేయమని బంధువులు అంటున్నారు. మా అమ్మాయి మాత్రం తమ్ముడు లేకపోతే ఎలా అంటోంది. ఫోన్‌తోనో, ట్యాబ్‌తోనో, వీఆర్ హెడ్‌సెట్ కొనైనా సరే, వాణ్ణి ముందుగా అలవాటు చేయవచ్చా?
– ఒక తల్లి, కూకట్‌పల్లి

సమాధానం: చేయవచ్చు. 5 వారాలు సరిపోతాయి. చెవులను కప్పి చప్పుడు తగ్గించే ఇయర్ మఫ్స్ తప్ప కొత్తగా ఏమీ కొనక్కర్లేదు. వీఆర్ ఆలోచన వదిలేయండి. మెటా క్వెస్ట్ లాంటి హెడ్‌సెట్‌కు కంపెనీ పెట్టిన కనీస వయసే 10 ఏళ్లు. పైగా ముఖం మీద అంత బరువు పెట్టుకోవడం అలవాటు చేయడానికే మీ 5 వారాలూ అయిపోతాయి. మీ చేతిలో ఉన్న ఫోన్, వాడి చేతిలో ఉన్న ట్యాబ్ చాలు.

అయితే దేనికి సిద్ధం చేస్తున్నామో ముందు ఇంట్లో అందరూ ఒక మాట మీదికి రండి. రంగప్రవేశం రెండున్నర, మూడు గంటలు సాగుతుంది. ఎనిమిదేళ్ల పిల్లలెవరికైనా అంతసేపు కూర్చోవడం కష్టమే. బాబు అక్క చేసే ఒక్క అంశం, ఏడెనిమిది నిమిషాలు, భయం లేకుండా చూసి బయటికి వస్తే చాలు. అదే లక్ష్యంగా పెట్టుకోండి. పోయిన ఏడాది ఏం జరిగిందో చూడండి. లైట్లు ఆరతాయని వాడికి ముందుగా తెలియదు. మళ్లీ ఎప్పుడు వెలుగుతాయో తెలియదు. బయటికి వెళ్దామని అడగడానికి ఆ క్షణంలో మాట అందలేదు. ఇక పరుగెత్తడం తప్ప వాడికి వేరే దారి ఏముంది? కింద చెప్పేదంతా ఆ మూడింటికి ముందే జవాబు పెట్టుకోవడానికే.

మీకు ఒక పెద్ద వెసులుబాటు ఉంది. 2011లో న్యూయార్క్‌లో థియేటర్ డెవలప్‌మెంట్ ఫండ్ అనే సంస్థ బ్రాడ్‌వేలో ఆటిజం పిల్లల కుటుంబాల కోసం ప్రత్యేక ప్రదర్శనలు మొదలుపెట్టింది. వాళ్లు మిరుమిట్లు గొలిపే లైట్లను, ఉలిక్కిపడేలా చేసే శబ్దాలను తగ్గిస్తారు. లాబీలో ప్రశాంతంగా కూర్చునే చోటు ఉంచుతారు. థియేటర్లో ఏమేం జరుగుతుందో ఫొటోలతో ముందే కుటుంబాలకు అందిస్తారు. టికెట్ కొని వెళ్లేవాళ్ల కోసం అక్కడ ఒక సంస్థ పూనుకోవలసి వచ్చింది. మీరు హాలు మాట్లాడుకున్నవాళ్లు, సౌండ్‌కూ లైట్లకూ డబ్బు కడుతున్నవాళ్లు. అడిగే చోట మీరే ఉన్నారు. మొహమాటపడకుండా ఈ వారమే నాట్యగురువుగారితో, లైట్లూ సౌండూ చూసేవాళ్లతో మాట్లాడండి.

అడగవలసినవి ఇవి. ప్రేక్షకుల వైపు లైట్లు ఒక్కసారిగా కాకుండా మెల్లగా తగ్గించాలి, నడిచే దారి కనిపించేంత వెలుతురు ఉంచాలి. పొగ యంత్రం, టపటపా కొట్టే ఫ్లాష్ లైట్లు వద్దు. వెనక ఎల్ఈడీ తెర పెడుతుంటే దాని వెలుగు తగ్గించి, కదలని బొమ్మ వేయాలి. వీడియో తీసేవాళ్లు తలల మీదుగా తిప్పే క్రేన్ కెమెరా తెస్తున్నారేమో కనుక్కోండి, తెస్తే బాబు కూర్చునే వైపు తిప్పవద్దని చెప్పండి. మైకు కూత పెట్టకుండా సౌండ్ చెక్ జనం రాకముందే ముగించాలి. నట్టువాంగం, అంటే డ్యాన్స్‌కు లయ ఇస్తూ వాయించే తాళాల దగ్గరి మైకు కాస్త తగ్గించాలి. లోహపు తాళాల చప్పుడు మైకు లేకుండానే హాలు చివరిదాకా వినిపిస్తుంది, దానికి మైకు తోడైతే మామూలు చెవులకే గుచ్చుకుంటుంది. బాబుకు ఎప్పుడైనా ఫిట్స్ వచ్చి ఉంటే ఫ్లాష్ లైట్ల గురించి న్యూరాలజిస్టును తప్పక అడగండి. ఆటిజం ఉన్న పిల్లల్లో మూర్ఛ మిగతా పిల్లల్లో కంటే ఎక్కువగా కనిపిస్తుంది.

ఇక ఫోన్ పని. మీలో ఒకరు ముందుగా హాలుకు వెళ్లి వీడియోలు, ఫొటోలు తీయండి. ఒకటే పొడవాటి వీడియో కాకుండా 15, 20 సెకన్ల ముక్కలు తీయాలి: గేటు, కారు దిగే చోటు, మెట్లు, లాబీ, టాయిలెట్, హాలు తలుపు, మీ సీట్లు, సీట్లోంచి స్టేజీ కనిపించే తీరు, చివరగా సీటు నుంచి బయటి తలుపుదాకా నడక. ఫోన్ మీ కళ్ల ఎత్తున కాక బాబు కళ్ల ఎత్తున, నేల నుంచి నాలుగడుగుల లోపు పట్టుకోండి. పెద్దవాళ్ల ఎత్తు నుంచి తీస్తే ముందు సీటు వీపు అడ్డం రాదు, వాడు వెళ్లి కూర్చుంటే అదే అడ్డం వస్తుంది. టాయిలెట్లో చేతులు ఆరబెట్టే యంత్రం ఉందేమో, ఫ్లష్ ఎంత చప్పుడు చేస్తుందో కూడా చూసుకోండి. స్టేజీ దాకా వెళ్లకుండానే చాలామంది పిల్లలు అక్కడే బెదిరిపోతారు. ఖాళీ హాలు చూసి వెళ్లిన పిల్లాడికి నిండిన హాలు వేరే చోటులా తోస్తుంది. కాబట్టి యూట్యూబ్‌లో అదే హాలులో జరిగిన వేరే కార్యక్రమాల్లో జనం కనిపించే ముక్కలు కూడా రెండు మూడు చూపించండి.

ఆ ఫొటోలతోనే సోషల్ స్టోరీ, అంటే ఏం జరగబోతుందో పిల్లాడికి ముందే చెప్పే చిన్న కథ, తయారుచేయండి. అమెరికాలో కేరోల్ గ్రే అనే ఉపాధ్యాయురాలు 1990ల మొదట్లో రూపొందించిన పద్ధతి ఇది. మీ స్పీచ్ థెరపిస్టుకు తెలిసే ఉంటుంది, ఒకసారి చూపించి దిద్దించుకోండి. గూగుల్ స్లైడ్స్‌లోనో పవర్‌పాయింట్‌లోనో 10, 12 స్లైడ్లు. ఒక్కో స్లైడుకు ఒక నిజమైన ఫొటో, ఒకటి రెండు చిన్న వాక్యాలు, మీ గొంతుతో రికార్డు. మాటలు మీ ఇంట్లో వాడేవే ఉండాలి. ఇంట్లో డ్యాన్స్ అంటుంటే డ్యాన్స్ అనే రాయండి. దాదాపు ఇలా:

“అక్క డ్యాన్స్ రవీంద్రభారతిలో ఉంటుంది. అక్కడ చాలామంది ఉంటారు.”
“కాసేపటికి మా వైపు లైట్లు తగ్గుతాయి. స్టేజీ మీద లైట్లు ఉంటాయి.”
“డ్యాన్స్ అయ్యాక అందరూ చప్పట్లు కొడతారు. నచ్చితే అలా కొడతారు. కాసేపటికి ఆపేస్తారు.”
“నాకు చప్పుడు ఎక్కువైతే మఫ్స్ పెట్టుకోవచ్చు.”
“కొన్నిసార్లు ప్రోగ్రాం లేటవుతుంది. అప్పుడు ట్యాబ్ చూసుకోవచ్చు.”
“బయటికి వెళ్లాలంటే కార్డు చూపిస్తాను. నాన్న నాతో వస్తారు.”

ఇందులో ఏం జరుగుతుందో చెప్పే వాక్యాలే ఎక్కువ, ఏం చేయాలో చెప్పేవి తక్కువ ఉన్నాయి చూడండి. ఒక్క సూచనకు కనీసం రెండు వర్ణన వాక్యాలు ఉండాలన్నది ఈ పద్ధతిలో నియమం. “నేను అరవను”, “బుద్ధిగా కూర్చుంటాను” అని రాస్తే కథ కాస్తా మందలింపు అవుతుంది, పిల్లాడు ట్యాబ్ పక్కకు తోసేస్తాడు. రోజుకు ఒకటి రెండుసార్లు, వాడు హాయిగా ఉన్న వేళ చూపించండి. ఏడుస్తున్నప్పుడు శాంతింపజేయడానికి దీన్ని బయటికి తీయకండి. ఆ రంగప్రవేశం పేరు వింటేనే ఏడుపు గుర్తొచ్చే ప్రమాదం ఉంది. పేజీ వాడే జరుపుకునేలా పెట్టండి, ఏ పేజీ దగ్గర ఆగుతున్నాడో గమనించండి. చప్పట్ల స్లైడును గబగబా దాటించేస్తుంటే ఎక్కడ ఎక్కువ పని ఉందో అదే చెబుతుంది.

బంధువులెవరికీ తట్టని విషయం మరొకటి ఉంది. ఆ రోజు అక్క ముఖం అక్క ముఖంలా ఉండదు. ముఖమంతా రంగు, చెవులదాకా సాగిన కాటుక, తల సామాను, పొడవాటి పూలజడ, నడిచినప్పుడల్లా గజ్జెల చప్పుడు. ముఖాల్లో మార్పును పట్టుకోవడం కష్టమైన పిల్లాడికి, ఇంట్లో చూసిన అక్క ఎక్కడికో వెళ్లిపోయి ఎవరో కొత్త మనిషి వచ్చినట్టే ఉంటుంది. ఫుల్ మేకప్ రిహార్సల్ రోజున ఒకే చోట, ఒకే కోణంలో ఆరు ఫొటోలు తీయండి: మామూలు ముఖం, రంగు వేశాక, కళ్లు దిద్దాక, తల సామాను పెట్టాక, దుస్తులు కట్టాక, గజ్జెలు కట్టాక. ప్రతిదాంట్లో అక్క కెమెరా వైపు చూసి, బాబును పిలిచే ముద్దుపేరుతో పిలిచే చిన్న వీడియో కూడా ఉంటే ఇంకా మంచిది. ఆ గొంతు వాడికి ఆధారం. మేకప్ తీసేశాక మళ్లీ మామూలు ముఖం ఫొటో తప్పక చేర్చండి, అక్క తిరిగి వస్తుందని తెలియాలి. స్టేజీ మీద ఉన్నప్పుడు అక్క మాట్లాడదు, పిలిచినా రాదు, డ్యాన్స్ అయ్యాక వస్తుంది అని కథలో ఒక స్లైడు పెట్టండి. లేకపోతే నేరుగా స్టేజీ ఎక్కబోతాడు.

శబ్దం దగ్గర తొందరపడితే ఉన్నది కూడా చెడుతుంది. ఓటీ, అంటే ఆక్యుపేషనల్ థెరపిస్ట్ ఉంటే వాళ్లను అడిగే మొదలుపెట్టండి. డ్యాన్స్ క్లాసులో మూడు ముక్కలు విడివిడిగా రికార్డు చేసుకోండి: తాళాలతో జతులు (అడుగులకు నోటితో చెప్పే లయ పదాలు) 30 సెకన్లు, చప్పట్లు 15 సెకన్లు, జనం గోల ఒక నిమిషం. బాబు తనకిష్టమైన ఆట ఆడుకుంటున్నప్పుడు, వినీ వినపడనంత సన్నగా, రెండు మూడు నిమిషాలు పెట్టండి. వాల్యూమ్ బటన్ వాడి చేతిలోనే ఉండాలి. రెండు రోజులు చెవుల మీదికి చేతులు పోకపోతే ఒక్క మెట్టు పెంచండి. చేతులు పోతే రెండు మెట్లు తగ్గించండి. చప్పట్లకైతే ఫోన్ కంటే మనుషులే మేలు: ముగ్గురు కూర్చుని “ఒకటి, రెండు, మూడు” అని చెప్పి 3 సెకన్లు కొట్టండి, తర్వాత 5 సెకన్లు. వాడు చెయ్యెత్తితే ఆపాలి, దించితే కొట్టాలి. తను ఆపగలిగిన చప్పుడుకు పిల్లలు చాలా త్వరగా అలవాటుపడతారు.

ఇంట్లో వీడియోకు బెదరలేదు కాబట్టి హాలులోనూ బెదరడు అనుకోవద్దు. ఫోన్ రికార్డు చేసేటప్పుడే పెద్ద చప్పుళ్లను తగ్గించి, చిన్నవాటిని పెంచేస్తుంది. వీడియోలో వేణువు, తాళం దాదాపు ఒకే స్థాయిలో వినిపిస్తాయి, హాలులో అలా ఉండదు. హాలు స్పీకర్లలో మృదంగం ఎడమవైపు మోత ఛాతీకి తగులుతుంది, ఫోన్ స్పీకర్ ఆ లోతు పలికించలేదు. అందుకే మూడో వారంలో డ్యాన్స్ క్లాసుకు తీసుకెళ్లి అసలు తాళాల చప్పుడు తలుపు బయటి నుంచి 5 నిమిషాలు వినిపించండి, ఇష్టమైతే లోపలికి. ఇంట్లో స్పీకర్ పెట్టి హాలంత మోత తెప్పించాలని మాత్రం చూడకండి.

ఇయర్ మఫ్స్ కొనేటప్పుడు పెట్టె మీద ఎన్ఆర్ఆర్ లేదా ఎస్ఎన్ఆర్ అని, పక్కన ఒక సంఖ్య ఉంటుంది. చప్పుడును ఎంత తగ్గిస్తుందో చెప్పే కొలత అది. 20 నుంచి 25 మధ్య ఉన్నది, పిల్లల సైజుది తీసుకోండి. ఖరీదైన నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌ఫోన్స్ దీనికి సరిపడవు. అవి ఏసీ, ఫ్యాన్, విమానం లాంటి ఏకధాటి హోరును బాగా తగ్గిస్తాయి, తాళాల దెబ్బ, చప్పట్లు లాంటి హఠాత్తు చప్పుళ్లను అంతగా ఆపలేవు. మఫ్స్ కప్పు చెవి చుట్టూ పూర్తిగా ఆనాలి, కళ్లద్దాల కాడ అడ్డుపడితే చప్పుడు లోపలికి దూరుతుంది. మొదట రెండు నిమిషాలు, తర్వాత ఐదు, పది. హాలుకు వెళ్లే రోజున మొదటిసారి పెడితే తీసి పారేస్తాడు. అలాగని రోజంతా ఉంచవద్దు. ఎప్పుడూ మూసి ఉంచిన చెవికి మామూలు చప్పుళ్లు కూడా ఎక్కువ అనిపించవచ్చు.

‘బయటికి’ కార్డు గురించి. హాలు తలుపు ఫొటోను అరచేతి సైజులో ప్రింట్ తీసి లామినేషన్ చేయించండి. మాట్లాడే పిల్లలకు కూడా గాభరాలో మాట రాదు, అందుకే కార్డు. ట్యాబ్‌లో అవాజ్ లాంటి, బొమ్మ నొక్కితే మాట పలికే కమ్యూనికేషన్ యాప్ ఇప్పటికే వాడుతుంటే ఈ కార్యక్రమానికి ఒక పేజీ చేర్చండి: బయటికి, చప్పుడు, మఫ్స్, నీళ్లు, అక్క, ఇంకా, ఇంటికి. ఏడు చాలు. వాడకపోతే ఈ 5 వారాల్లో కొత్త యాప్ మొదలుపెట్టకండి, కార్డుతోనే కానివ్వండి. వాడి ఈడు పిల్లల్లో ఎవరినైనా నటించమని నిమిషం వీడియో తీయండి: కుర్చీలో కూర్చున్న పిల్లాడు కార్డు చూపిస్తాడు, పెద్దవాళ్లు వెంటనే లేస్తారు, ఇద్దరూ బయటికి నడుస్తారు, నీళ్లు తాగుతారు. దాన్ని చూపించి, ఇంట్లో టీవీ ముందు కుర్చీలు వేసి అదే చేయించండి. కార్డు చూపిన ప్రతిసారీ వెంటనే లేవాలి. “ఇంకో రెండు నిమిషాలు నాన్నా” అన్నారంటే ఆ కార్డు మీద నమ్మకం పోతుంది, మళ్లీ పరుగే మిగులుతుంది. ఆటగా పదేపదే చూపించినా సరే, ఈ 5 వారాలూ ప్రతిసారీ లేవండి.

టైమర్ యాప్‌ను కూడా జాగ్రత్తగా వాడాలి. మన కార్యక్రమాలు చెప్పిన వేళకు మొదలవవు. జ్యోతి ప్రజ్వలన, ముఖ్య అతిథి రావడం, ఉపన్యాసాలు, శాలువాలు, జ్ఞాపికలు, ఇవి ఎంతసేపు పడతాయో ఎవరి చేతుల్లోనూ ఉండదు. టైమర్ సున్నాకు వచ్చినా తెర లేవకపోతే వాడికి అబద్ధం చెప్పినట్టవుతుంది. అందుకని ప్రోగ్రాం మొదలవడానికి టైమర్ పెట్టకండి. వరసక్రమం చూపించండి: కారు, సీటు, లైట్లు తగ్గడం, అక్క డ్యాన్స్, చప్పట్లు, బయట ఐస్‌క్రీమ్. అయిపోయిన ఫొటో మీద వాడే టిక్కు పెట్టాలి. టైమర్‌ను బయట విరామం తీసుకునేటప్పుడు మాత్రం వాడండి. అక్కడ సమయం మీ చేతుల్లోనే ఉంటుంది.

ఏ అంశం చూడాలో వాణ్ణే ఎంచుకోనివ్వండి. అక్క రిహార్సల్ వీడియోల్లోంచి నిమిషం ముక్కలు నాలుగు చూపిస్తే ఏది మళ్లీ మళ్లీ నొక్కుతాడో తెలిసిపోతుంది. తరంగం అనే అంశంలో ఇత్తడి పళ్లెం మీద అక్క నిలబడటం చాలామంది పిల్లలను ఆకట్టుకుంటుంది, కానీ అది పొడుగు అంశం, పళ్లెం నేలకు రాసుకునే చప్పుడు ఉంటుంది, చప్పట్లూ అక్కడే ఎక్కువ. అదే కావాలంటే ఒక భాగం చూసి రావచ్చు. ఎంచుకున్నది ఏదైనా, ఒకటే వీడియో వంద సార్లు చూడనివ్వకండి. ఆ వీడియోలోని చీర రంగు, ఆ వరస, ఆ గోడ అన్నీ వాడికి డ్యాన్స్‌లో భాగమైపోతాయి, స్టేజీ మీద చీర మారితే తప్పు జరిగిందని కలవరపడతాడు. వేర్వేరు రోజుల, వేర్వేరు దుస్తుల రికార్డింగులు మూడు మార్చి మార్చి చూపించండి.

నాలుగో వారంలో గుడి ఉత్సవంలోనో కాలనీలోనో జరిగే చిన్న ప్రదర్శనకు వెళ్లి 10 నిమిషాలకే, వాడు హాయిగా ఉండగానే వచ్చేయండి. చివరి వారంలో హాలులో స్టేజీ రిహార్సల్ ఉంటే దాన్ని వదులుకోవద్దు. ఖాళీ సీట్లు, అసలు లైట్లు, అసలు వాద్యబృందం. ఫోన్‌లో డెసిబెల్ యాప్ పెట్టి ముందు వరసలో, మధ్యలో, వెనక ఎంత ఉందో పోల్చుకోండి. ఫోన్ చూపే అంకె కచ్చితం కాకపోయినా ఏ సీటు దగ్గర తక్కువో తెలుసుకోవడానికి పనికొస్తుంది. స్పీకర్లకు ఎదురుగా కాకుండా, వెనక వైపు, నడవ పక్కన, తలుపుకు దగ్గరగా రెండు సీట్లు వాడికీ వాళ్ల నాన్నకూ కేటాయించండి.

ఆ రోజు మీరు గ్రీన్ రూమ్‌లో ఉంటారు, కాబట్టి బాబు బాధ్యత వాళ్ల నాన్నదో, బాబాయిదో, ఒక్కరిదే అని ముందే తేల్చండి. ఆ మనిషికి అతిథుల్ని పలకరించే పని ఉండకూడదు. ఉపన్యాసాలన్నీ అయ్యేదాకా బాబును హాలు బయటే ఉంచండి. లోపల కూర్చున్న పిన్నిగారో అత్తగారో “ఇంకో అంశం తర్వాత మనది” అని వాట్సాప్ మెసేజ్ పెడతారు, అప్పుడు లోపలికి రావడం. ట్యాబ్‌లో కథ, వాడికిష్టమైన వీడియోలు ముందే డౌన్‌లోడ్ చేసి ఉంచండి, హాలులో నెట్ వస్తుందన్న నమ్మకం లేదు. వెలుగు పూర్తిగా తగ్గించి, ఫోన్ కాల్స్ రాకుండా ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. ఐప్యాడ్‌లో గైడెడ్ యాక్సెస్, ఆండ్రాయిడ్‌లో యాప్ పిన్నింగ్ ఆన్ చేస్తే కమ్యూనికేషన్ పేజీలోంచి జారి కార్టూన్లలోకి పోడు. కార్డు మాత్రం చొక్కా జేబులో ఉండాలి, బ్యాటరీ అయిపోయినా అది పనిచేస్తుంది.

బంధువులకు రెండు రోజుల ముందే ఫ్యామిలీ గ్రూప్‌లో ఒక మెసేజ్ పెట్టండి: బాబు వస్తున్నాడు, మఫ్స్ పెట్టుకుంటాడు, మధ్యలో లేచి వెళ్తాడు, ఎత్తుకోవద్దు, బుగ్గలు పట్టుకోవద్దు, ఎందుకు వెళ్తున్నావని అడగవద్దు.

కార్యక్రమం యూట్యూబ్ లైవ్‌లో పెట్టే ఏర్పాటు కూడా చేసుకోండి. బాబు తలుపు దగ్గరే ఆగిపోతే, ఏరోప్లేన్ మోడ్ తీసేసి, లాబీలోనో కారులోనో అదే డ్యాన్స్ ట్యాబ్‌లో చూడవచ్చు. లైవ్ కొన్ని సెకన్లు వెనకబడి వస్తుంది కాబట్టి హాలు చప్పట్లు ముందే వినిపిస్తాయి, తలుపుకు కాస్త దూరంగా కూర్చోండి. అసలు ఇల్లు కదలనంటే అమ్మమ్మ పక్కన కూర్చుని లైవ్ చూస్తాడు. తర్వాతి ఆదివారం అక్క అదే దుస్తుల్లో, ఇంటి హాలులో, మైకు లేకుండా, వాడు ఎంచుకున్న ఆ అంశం వాడి ఒక్కడి కోసం చేస్తుంది. ఈ సంగతి మీ అమ్మాయికి ఇప్పుడే చెప్పి ఉంచండి. తమ్ముడి సీటు ఖాళీగా కనిపిస్తే స్టేజీ మీద ఆమె మనసు చెదరకూడదు.